క్యాన్సర్ వచ్చిన మనిషికి తోడు నిలవడం ఎలా: గోదావరి డెల్టా కుటుంబాలకు ఒక మార్గదర్శి

ముక్క పరీక్ష రిపోర్టు తీసుకుని ఆస్పత్రి నుంచి తిరిగి వస్తున్న రోజు, రావులపాలెం దాటేదాకా మా కారులో ఎవరూ మాట్లాడలేదు. రిపోర్టు పెదనాన్న జేబులో ఉంది. పెద్దమ్మ కిటికీ పక్కన కూర్చుని కాలువ గట్టు మీది కొబ్బరి చెట్లను చూస్తోంది. "మామూలు గడ్డేనట, చిన్న ఆపరేషనుతో పోతుందన్నారు" అని పెదనాన్న ఆమెకు చెప్పారు. ఆ తర్వాత మూడు నెలలు ఇంటిల్లిపాదీ ఆ అబద్ధాన్ని కాపాడుతూ బతికాం. ఫోను వస్తే పెరట్లోకి వెళ్లి మాట్లాడేవాళ్లం. ఆమె వంటింట్లోకి అడుగుపెడితే మాట మార్చేవాళ్లం. రెండో కీమో (క్యాన్సర్ మందు ఎక్కించడం) అయ్యాక ఒక సాయంత్రం ఆమె అడిగింది: "మీరందరూ నన్ను చూసి కళ్లు తుడుచుకుంటున్నారు. ఎందుకో నాకు మాత్రం చెప్పరు. నా ఒంట్లో ఉన్నదాని పేరు నాకు తెలియకూడదా?"

ఆ పూట మా దగ్గర జవాబు లేదు. తర్వాత డాక్టర్ల దగ్గర, నర్సుల దగ్గర, అన్నింటికన్నా ఎక్కువగా పెద్దమ్మ దగ్గర నేర్చుకున్నది ఇక్కడ వరసగా రాస్తున్నాను. మందు సంగతి డాక్టరు చూసుకుంటారు. మనసు, ఇల్లు, రాకపోకలు, డబ్బు, ఇరుగుపొరుగు మాత్రం మనం చూసుకోవలసినవి. ఏ పని మొదలుపెట్టినా ఒక్కటి గుర్తుంచుకోండి: జబ్బు ఎవరిదో, దాని గురించి మొదటి మాట వాళ్లదే.

మొదటి అడుగు: జబ్బు పేరు చెప్పండి

మన ఊళ్లలో క్యాన్సర్ అనడానికి నోరు రాదు. "పెద్ద జబ్బు" అంటారు. పాతకాలం వాళ్లు "రాచపుండు" అనేవారు. దాచిపెట్టడం ప్రేమతోనే చేస్తాం, "తెలిస్తే దిగులుతోనే పోతుంది" అన్న భయంతో. కానీ నిజం దాగదు. వార్డు గుమ్మం మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. పక్క మంచం ఆవిడ "మీకు ఎన్ని కీమోలమ్మా?" అని అడుగుతుంది. అప్పటికి రోగికి జబ్బు సంగతీ తెలుస్తుంది, ఇంట్లోవాళ్లు తనతో నిజం మాట్లాడరన్న సంగతీ తెలుస్తుంది. రెండోదే ఎక్కువ ఒంటరిని చేస్తుంది. ఆపైన ఆమె కూడా మన కోసం తెలియనట్టు నటించడం మొదలుపెడుతుంది. ఒకే ఇంట్లో అందరూ ఒకరికొకరు తెలియకుండా ఏడుస్తుంటారు.

చెప్పడానికి డాక్టర్లు ఆరు మెట్ల పద్ధతి ఒకటి పాటిస్తారు. ఇంట్లోనూ అది పనికొస్తుంది.

ముందు చోటు చూసుకోండి. తలుపు వేసుకునే గది, టీవీ ఆపి, ఫోను పక్కన పెట్టి, ఆమె నమ్మే మనిషి ఒకరు దగ్గర కూర్చోవాలి. పదిమంది మంచం చుట్టూ నిలబడితే అది పంచాయతీ అవుతుంది. ఆ తర్వాత, ఆమెకు ఇప్పటికే ఏం తెలుసో అడగండి: "డాక్టరు నీతో ఏమన్నారు పెద్దమ్మా? నీకేమనిపిస్తోంది?" చాలామందికి సగం తెలిసే ఉంటుంది. మూడో మెట్టు మనవాళ్లు ఎప్పుడూ దాటేసేది: ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో అడగడం. "రిపోర్టులో ఉన్నదంతా నీకు చెప్పమంటావా, లేకపోతే పెదనాన్నకు చెప్పి ఊరుకోమంటావా?" కొందరు నిజంగానే వద్దంటారు. అది వాళ్ల హక్కు. "ఎప్పుడు అడగాలనిపించినా అడుగు, దాచను" అని చెప్పి, కొన్ని రోజుల తర్వాత మళ్లీ ఒకసారి కదపండి.

చెప్పమంటే, చిన్న చిన్న ముక్కలుగా చెప్పండి. "పరీక్ష మనం కోరుకున్నట్టు రాలేదు." ఆగండి. "అది క్యాన్సర్." మళ్లీ ఆగండి. ఈ రెండో ఆగడం చాలా కష్టం. ఆ నిశ్శబ్దాన్ని "ఏం కాదులే, అమెరికాలో మందులున్నాయి" అని నింపేయాలనిపిస్తుంది. నింపకండి. ఏడిస్తే ఏడవనివ్వండి, చెయ్యి పట్టుకోండి. ఆ ఏడుపు తగ్గాకే తర్వాత ఏం చేయబోతున్నామో చెప్పాలి: ఎక్కడ చూపిస్తున్నాం, ఎప్పుడు వెళ్తున్నాం, ఎవరు తోడు వస్తారు.

"నేను బతుకుతానా?" అని అడిగితే, తెలియనిదానికి మాట ఇవ్వకండి. "నాకు తెలియదు. డాక్టరును ఇద్దరం కలిసి అడుగుదాం. ఏం చెప్పినా నేను పక్కనే ఉంటాను" అంటే చాలు. ఆ వెంటనే "నీకు ఏ విషయంలో ఎక్కువ భయంగా ఉంది?" అని అడిగి చూడండి. మేము అడిగినప్పుడు పెద్దమ్మ చావు గురించి మాట్లాడలేదు. చెల్లెలి దగ్గర తీసుకున్న బంగారం ఇంకా తిరిగి ఇవ్వలేదని చెప్పింది. ఆ వారమే ఇచ్చేశాం. ఆ రాత్రి ఆమె నిద్రపోయింది.

ఇంట్లో పెద్దవాళ్లెవరైనా "చెప్పడానికి వీల్లేదు" అని పట్టుబడితే వాదించకండి. "మీకే వస్తే మీకు తెలియాలని ఉండదా?" అని ఒక్క మాట అడిగి, డాక్టరు సమక్షంలో అందరూ కలిసి కూర్చునే ఏర్పాటు చేయండి. డాక్టరును "ఆవిడకు చెప్పొద్దు" అని బతిమాలే బదులు, "మీరు చెబుతున్నప్పుడు మేమూ పక్కన ఉంటాం" అనండి.

పిల్లలకు కూడా పేరు చెప్పాలి. ఏడెనిమిదేళ్ల పిల్లలు పెద్దల గుసగుసల్లోంచి జబ్బుకన్నా భయంకరమైన కథలు అల్లుకుంటారు. వాళ్లకు తెలియాల్సినవి నాలుగే: అమ్మకు వచ్చింది క్యాన్సర్, అది ముట్టుకుంటే అంటదు, నువ్వు అల్లరి చేసినందుకు రాలేదు, అమ్మ ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో నీకు అన్నం పెట్టి బడికి పంపేది ఫలానా వాళ్లు. నాలుగోదాన్ని పెద్దలు మరిచిపోతారు. పిల్లలకు ముందు కావాల్సింది అదే.

మన జిల్లాల్లో మరో సంగతి ఉంది. కోనసీమలో, పశ్చిమ గోదావరిలో ఎన్నో ఇళ్ల నుంచి కూతురో తల్లో కువైట్‌లో, దుబాయ్‌లో పనికి వెళ్లి ఉంటారు. "అంత దూరంలో ఉంది, చెప్పి ఏం లాభం" అని వాళ్లకు దాచేస్తాం. రేపు సెలవు దొరక్క చివరి చూపు తప్పిపోతే ఆ బాధ ఆమెకు బతుకంతా ఉంటుంది. చెప్పండి. వారానికి ఒక రోజు, ఒక వేళ పెట్టుకుని వీడియో ఫోను చేయించండి. కీమో ఎక్కించిన రోజు, మర్నాడు మాత్రం వద్దు.

రెండో అడుగు: మనసు బాధను కొలవండి

జ్వరానికి థర్మామీటరు ఉన్నట్టే మనోవేదనకూ ఒకటి ఉంది. కాగితం మీద థర్మామీటరు బొమ్మ గీసి కింద 0, పైన 10 వేస్తారు. "ఈ రోజుతో కలిపి గడిచిన వారంలో మనసుకు ఎంత కష్టంగా ఉంది?" అని అడిగి, ఒక అంకె మీద వేలు పెట్టమంటారు. 4 గానీ అంతకు మించి గానీ వస్తే ఆ మనిషితో నిదానంగా కూర్చుని కారణాలు వెతకాలన్నది అమెరికా క్యాన్సర్ కేంద్రాల కూటమి పెట్టుకున్న గుర్తు. ఎన్నో దేశాల్లో దీన్నే వాడుతున్నారు.

పెద్దమ్మకు అంకెలు నచ్చలేదు. అందుకని మేము కాలువ లెక్క పెట్టుకున్నాం. "ఈ రోజు నీళ్లు ఎంతదాకా ఉన్నాయి?" అని అడిగేవాళ్లం. చీలమండ, మోకాలు, నడుము, మెడ. ఒక రోజు "నడుము దాటాయి" అంది. నొప్పేమో అనుకున్నాం. తీరా అడిగితే, ఊళ్లో దగ్గరి బంధువుల ఇంట్లో సీమంతానికి అందరినీ పిలిచి, తనను మాత్రం "ఓపిక ఉండదు కదా" అని వదిలేశారట. కొలత వల్ల లాభం ఇదే. నొప్పి మాత్ర వేయాల్సిన చోట మాట, మాట కావాల్సిన చోట మాత్ర ఇవ్వకుండా కాపాడుతుంది. అంకె రాగానే నాలుగు వైపులా అడగండి: ఒంట్లో ఏమైనా బాధా, ఇంట్లో ఎవరితోనైనా ఇబ్బందా, డబ్బు గురించా, మనసులో భయమా.

దుఃఖం వేరు, డిప్రెషన్ అనే జబ్బు వేరు. దుఃఖంలో ఉన్న మనిషి మనవడు వస్తే ఒక నిమిషమైనా నవ్వుతాడు. రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉండటం, ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి పోవడం, "మీకు భారమైపోయాను" అని పదేపదే అనడం చూస్తే మానసిక వైద్యుడికి చూపించాలి. ఆకలి, నిద్ర, నీరసం ఇక్కడ సరైన గుర్తులు కావు. కీమో వల్ల కూడా అవి చెడతాయి. మానసిక వైద్యుడి మందులంటే పిచ్చి మందులనుకునే వాళ్లు ఇంకా ఉన్నారు. కావు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి మధ్యలో ఆపకూడదు. రొమ్ము క్యాన్సర్‌కు టామాక్సిఫెన్ బిళ్లలు వేసుకుంటున్న వాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. పారాక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ వంటి మందులు టామాక్సిఫెన్ పనిని తగ్గిస్తాయి. వేరే మందులు ఉన్నాయి, డాక్టరు మార్చి ఇస్తారు.

"చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగడానికి భయపడకండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉన్న ఆలోచన బయటికి వస్తుంది, మనిషి ఊపిరి పీల్చుకుంటాడు. మనవి వ్యవసాయం ఇళ్లు. పురుగుమందు డబ్బాలు కొట్టంలోనో వసారా మూలనో ఉంటాయి. ఈ రోజే తీసి తాళం వేసిన చోట, ఇంటికి దూరంగా పెట్టండి. ఆ మాట అన్న మనిషిని ఒంటరిగా వదలకండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. రోగే కాదు, పక్కన ఉండి చూసుకునే వాళ్లూ చేయవచ్చు.

మూడో అడుగు: పని పంచండి, దారి చూసుకోండి

రెండు వందల పేజీల నోటు పుస్తకం ఒకటి కొనండి. మొదటి పేజీలో ఆస్పత్రి, డాక్టరు, వార్డు ఫోను నంబర్లు. తర్వాత మందుల పేర్లు, వేళలు. తర్వాత తేదీలు. వెనక వైపు నుంచి ఖర్చులు. మధ్యలో రెండు పేజీలు రోగివి: డాక్టరును అడగాలనుకున్నది ఆమె అందులో రాసుకుంటుంది, రాయలేకపోతే చెప్పి రాయించుకుంటుంది. డాక్టరు గదిలో దొరికేది నాలుగైదు నిమిషాలు. ఆ పేజీ లేకపోతే అడగాల్సినవి మళ్లీ బస్టాండులో గుర్తుకొస్తాయి.

"ఏ సాయం కావాలన్నా చెప్పండి" అన్నవాళ్లను మాటతో పోనివ్వకండి. ఇష్టంతోనే అంటారు, ఏం చేయాలో తెలియదు అంతే. "మంగళవారం మేము ఆస్పత్రికి వెళ్తాం, గేదెలకు మేత వేసి పాలు పిండించగలవా వదినా?" అని అడగండి. ఇంట్లోవాళ్లలో ఒకరు ఆస్పత్రికి, ఒకరు డబ్బు లెక్కలకు, ఒకరు ఇంటికి, ఒకరు ఫోన్లకు. ఈ నాలుగో మనిషి ఉంటే "ఎలా ఉంది, ఎలా ఉంది" అని రోజుకు ఇరవైసార్లు అదే కథ చెప్పే బాధ రోగికి తప్పుతుంది.

డెల్టాలో దూరం కిలోమీటర్లలో ఉండదు, రేవుల్లో ఉంటుంది. రేడియేషన్, అంటే మనవాళ్లు "కరెంటు పెట్టడం" అనేది, సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు సాగుతుంది. లంక గ్రామం నుంచి రోజూ పడవ దాటి, బస్సు మారి, రాజమహేంద్రవరమో కాకినాడో వెళ్లి రావడం రోగి ఒంటికి పెద్ద శిక్ష. ఆ వారాలకు ఆస్పత్రి దగ్గరే గది తీసుకోండి. తక్కువ అద్దె వసతి ఎక్కడుందో ఆస్పత్రిలోని సామాజిక కార్యకర్తను అడగండి. విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ సంస్థకు చెందిన హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. అంత దూరం వెళ్లాల్సి వస్తే రైలు రాయితీ మరిచిపోకండి. చికిత్సకో పరీక్షకో వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో టికెట్టు పూర్తిగా ఉచితం. తోడు వెళ్లే ఒకరికి వాటిలో 75 శాతం తగ్గింపు. ఆస్పత్రి ఇచ్చే నిర్ణీత పత్రం చూపించాలి.

వరద కాలం సంగతి విడిగా చెప్పాలి. జూలై నుంచి సెప్టెంబరు దాకా కీమో తేదీలు ఉంటే, ముందే డాక్టరుకు "మాది లంక ఊరు" అని చెప్పండి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఎగువన ఉన్న భద్రాచలంలో 43 అడుగుల మొదటి హెచ్చరిక వార్త వినగానే సర్దుకోండి. సఖినేటిపల్లి, నర్సాపురం మధ్య పంటు ఆగిపోయేదాకా చూడకండి. కీమో తర్వాత ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా రోగాలతో పోరాడే తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో 100.4 డిగ్రీల ఫారిన్‌హీట్ జ్వరం వచ్చిందంటే అది గంటల్లో ఆస్పత్రి చేరాల్సిన అవసరం. జ్వరం బిళ్ల వేసి తెల్లారేదాకా చూద్దామనుకోకూడదు. అందుకే ఆ రోజులకు రోగి ఆస్పత్రి ఉన్న ఒడ్డున, బంధువుల ఇంట్లో ఉండటం మంచిది. ఇంట్లో మంచి థర్మామీటరు ఉండాలి, రెండు వారాల మందులు ముందే తెచ్చి పెట్టుకోవాలి.

ఇక డబ్బు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో క్యాన్సర్ చికిత్సలు ఉన్నాయి. ఏ ఆస్పత్రిలో దేనికి వర్తిస్తుందో చికిత్స మొదలుకాకముందే అడగండి, 104కు ఫోను చేసి కూడా తెలుసుకోవచ్చు. పథకంలో రానివాటికి ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టుకోవచ్చు. అందుకోసం ప్రతి బిల్లూ అసలు కాగితమే దాచండి. కౌలు రైతుల ఇళ్లలో వడ్డీకి తెచ్చి మందులు కొంటున్న సంగతి రోగికి దాచడం మామూలు. కానీ ఆమె ఊహించుకుంటుంది. "నాకు బాగానే ఉంది, ఇక ఆస్పత్రి వద్దు" అని చికిత్స మధ్యలో ఆపేసేవాళ్లలో కొందరు నిజానికి ఖర్చుకు భయపడి ఆపేస్తారు. లెక్క చూపించండి. తెలిసిన లెక్క తెలియని లెక్కంత భయపెట్టదు.

నాలుగో అడుగు: పరామర్శకు వచ్చేవాళ్లు

పరామర్శ మన ఊళ్ల గొప్పతనం. పట్నంలో పక్క ఫ్లాటులో మనిషి పోయినా తెలియదు, ఇక్కడ జ్వరం వస్తే వీధి వీధంతా గుమ్మంలో ఉంటుంది. అదే పరామర్శ కొన్నిసార్లు రోగిని నలిపేస్తుంది. వెళ్లేవాళ్ల కోసం ఈ భాగం.

ముందు ఫోను చేయండి. జలుబు, దగ్గు, జ్వరం ఉంటే వెళ్లకండి. వెళ్లాక మంచం పక్కన నిలబడి కిందికి చూడకుండా, కుర్చీ లాక్కుని ఆమె కళ్ల ఎత్తులో కూర్చోండి. పావుగంట చాలు. "ఎన్నో స్టేజి?" అని అడగకండి. "మా తోడికోడలికీ ఇదే, ఆరు నెలలు కూడా..." అని మొదలుపెట్టకండి. "ఏం పాపం చేసిందో" అన్న మాట గుమ్మం బయట కూడా అనకండి, వినబడుతుంది. "ధైర్యంగా ఉండాలి" అన్న మాట నేనూ ఎన్నోసార్లు అన్నాను. ఒక రోజు పెద్దమ్మ "అందరూ ధైర్యంగా ఉండమంటారు, ఎవరి దగ్గర భయపడాలి మరి?" అంది. అప్పటి నుంచి అనడం మానేశాను. భయపడటానికి కూడా ఒక మనిషి కావాలి. మీరు ఆ మనిషి కండి.

మరి ఏం మాట్లాడాలి? "చూడాలనిపించింది, వచ్చాను" అంటే చాలు. ఆ తర్వాత ఊరి కబుర్లు. కొబ్బరికాయ ధర ఎంతుంది, దాళ్వా నాట్లు ఎక్కడిదాకా వచ్చాయి, ఎవరింట్లో పెళ్లి కుదిరింది. జబ్బు మనిషికి జబ్బు తప్ప ఇంకేమీ వినబడని గదిలో ఈ కబుర్లు కిటికీ తెరిచినట్టుంటాయి. జబ్బు గురించి ఆమే ఎత్తితే వినండి. పళ్ల సంచి బదులు ఒక పని చేసి రండి: మంచినీళ్ల క్యాను తెప్పించడం, పిల్లవాడికి లెక్కలు చెప్పడం.

క్యాన్సర్ అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే మంచం మీద పడుకున్నా రాదు. బయటి యంత్రంతో రేడియేషన్ పెట్టించుకున్న మనిషి ఒంట్లో కిరణాలు మిగలవు, ఆమె పసిపిల్లను ఎత్తుకోవచ్చు. థైరాయిడ్ క్యాన్సర్‌కు ఎక్కువ మోతాదు రేడియో అయోడిన్ ఇచ్చినప్పుడు మాత్రం కొన్ని రోజులు దూరం పాటించమంటారు, ఎన్ని రోజులో ఆస్పత్రివాళ్లే చెబుతారు. ఇదంతా తెలిసినా కొందరి చేతులు వెనక్కి పోతాయి. ఒకావిడ మా ఇంట్లో ఇచ్చిన కాఫీని తాగకుండా అరుగు పక్కన మందార మొక్క మొదట్లో పోసింది. పెద్దమ్మ కిటికీలోంచి చూసింది. ఏమీ అనలేదు. ఆ సాయంత్రం నుంచి తన గ్లాసు తనే విడిగా పెట్టుకోవడం మొదలుపెట్టింది. రెండు రోజుల తర్వాత మా వదిన వచ్చి, పెద్దమ్మ సగం తాగి పక్కన పెట్టిన కాఫీ గ్లాసు తీసుకుని మిగతాది తాగేసింది. మాటేమీ లేదు. ఆ రాత్రి కడిగిన గ్లాసులన్నీ మళ్లీ ఒకే చోట బోర్లించి ఉన్నాయి.

పేరంటాలకు, పెళ్లిళ్లకు పిలవండి. ఓపిక ఉందో లేదో తేల్చుకునేది ఆమె. వస్తే ముందు వరసలో కుర్చీ వేయండి, తొందరగా వెళ్లాలనుకుంటే ఆటో సిద్ధంగా ఉంచండి.

ఐదో అడుగు: అద్దంలో మనిషి మారినప్పుడు

అన్ని కీమో మందులకూ జుట్టు ఊడదు. ఊడేవాటికి మొదటి కీమో అయిన రెండు మూడు వారాల్లో మొదలవుతుంది, చికిత్స ముగిశాక కొన్ని నెలల్లో మళ్లీ వస్తుంది. ఈ సంగతి ముందే చెప్పి ఉంచితే సగం దెబ్బ తగ్గుతుంది. దిండు మీద పాయలు పాయలుగా కనిపించడం మొదలైన రోజున పెద్దమ్మ మా అమ్మను పిలిచి, "ఇది రోజుకింత పోతుంటే చూడలేను, నువ్వే తీసేయి చెల్లీ" అంది. అమ్మ పెరట్లో పీట వేసి, ముందు జడ అల్లింది. ఎప్పటిలాగే గట్టిగా, చివర రిబ్బను కట్టి. తర్వాత కత్తిరించింది. "తిరపతి కొండ మీద ఇచ్చాననుకుంటాను" అంది పెద్దమ్మ. జుట్టు తీయించుకోవాలా, ఊడేదాకా ఆగాలా, చెంగు కప్పుకోవాలా, వదిలేయాలా అన్నది ఆమె ఇష్టం. ఇంట్లోవాళ్లు చేయాల్సింది అద్దం దాచకపోవడం.

రొమ్ము తీసేశాక లోదుస్తుల్లో పెట్టుకునే మెత్తటి కృత్రిమ రొమ్ములు దొరుకుతాయి, గాయం మానాక వాడవచ్చు. ఆ వైపు చేతికి నర్సో ఫిజియోథెరపిస్టో నేర్పే వ్యాయామాలు మానకూడదు. చెయ్యి బరువెక్కినా, వాచినా ఆలస్యం చేయకుండా చూపించాలి. మా పెద్దమ్మ చిన్నప్పటి నుంచి లేసు అల్లేది. ఆ నర్సాపురం లేసుకే 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆపరేషన్ తర్వాత "ఇక సూది పట్టలేను" అనుకుంది. ఫిజియోథెరపిస్టు మాత్రం కాసేపు అల్లి, కాసేపు చెయ్యి చాచి విశ్రాంతి తీసుకోమన్నారు. మొదటి పువ్వు పూర్తి కావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో ఆమె నీళ్ల లెక్క మోకాలి కిందికి దిగింది. మీ ఇంటి మనిషికి చేతి పని ఏదున్నా, డాక్టరు ఒప్పుకున్నంత మేర తిరిగి చేతికివ్వండి.

భార్యాభర్తల సంగతి మనం పైకి మాట్లాడం. అయినా రాస్తున్నాను. మంచం వేరు చేయకండి. భర్త దూరం జరిగితే నొప్పి కలుగుతుందేమోనని జరిగాడో, అసహ్యంతో జరిగాడో భార్యకు తెలియదు. రెండోదే అనుకుంటుంది. అడగడం, చెయ్యి వేయడం, పక్కన పడుకోవడం, వీటికి డాక్టరు చీటీ అక్కర్లేదు. పిల్లలు కావాలనుకునే వయసులో ఉన్నవాళ్లు కీమో మొదలుకాకముందే ఆ మాట డాక్టరుతో అనాలి. వీర్యాన్ని, అండాలను భద్రపరిచే అవకాశం అప్పుడే ఉంటుంది.

నోటి క్యాన్సర్ ఆపరేషన్ అయిన మగవాళ్లు నలుగురిలో తినడానికి సిగ్గుపడి బయటికి రావడమే మానేస్తారు. మొదట్లో ఒక్కరినే ప్రశాంతంగా తిననివ్వండి. మాట స్పష్టంగా లేకపోతే పలక, ఫోను ఏదైనా ఇవ్వండి, వాళ్ల వాక్యాన్ని మీరు పూర్తి చేయకండి.

ఆరో అడుగు: పథ్యం, నాటు మందు, మొక్కు

చేప పుండుకు పడదు, గుడ్డు వేడి, వంకాయ దోషం అని పెట్టుకుంటూ పోతే చివరికి మజ్జిగన్నమే మిగులుతుంది. బరువు తగ్గిపోయిన మనిషి చికిత్సను తట్టుకోలేడు. డాక్టరు వద్దనకపోతే బాగా ఉడికిన చేప, గుడ్డు, పప్పు అన్నీ పెట్టవచ్చు. పెద్ద కంచం చూస్తేనే వికారమంటే చిన్న గిన్నెలో రెండు గంటలకోసారి ఇవ్వండి. "ఇంకో ముద్ద" అని కుక్కడం వల్ల భోజనవేళ గొడవ వేళ అవుతుంది.

లక్ష్మణఫలం తింటే క్యాన్సర్ పోతుందని ఫోనుల్లో తిరుగుతోంది. కోనసీమ తోటల్లో దొరుకుతుంది కాబట్టి మన దగ్గర మరీ ఎక్కువ. మనుషుల్లో అది క్యాన్సర్‌ను నయం చేసినట్టు రుజువు లేదు. ఆకు కషాయాలు, పసర్లు కీమోతో కలిసి కాలేయాన్ని దెబ్బతీయవచ్చు. తాగుతుంటే డాక్టరుకు దాచకండి. గుడికైనా చర్చికైనా దర్గాకైనా వెళ్లడం మనసుకు బలం. మందు ఆపమని చెప్పే వాళ్ల దగ్గరకు మాత్రం వెళ్లకండి.

ఏడో అడుగు: చూసుకునే మనిషిని కూడా చూసుకోండి

ప్రతి ఇంట్లో ఈ భారం ఒక్క ఆడమనిషి మీద పడుతుంది. ఆమె కోడలో కూతురో. ఆమె ఎప్పుడు తింటుందో ఎవరూ అడగరు. వారానికి ఒక పూట ఆమెకు సెలవు ఇవ్వండి, నోటు పుస్తకంలో రాసి మరీ. ఆ పూట ఆమె నిద్రపోతుందో, పుట్టింటికి వెళ్తుందో ఆమె ఇష్టం. చిరాకు పడితే "జబ్బు మనిషి మీదా?" అని తప్పు పట్టకండి. ఆ చిరాకు అలసట మాట్లాడే భాష. మనసు బాధను కొలిచే ఆ థర్మామీటరు ఆమెకూ పట్టండి.

ఎనిమిదో అడుగు: నొప్పి, తగ్గని జబ్బు

నొప్పి ఉన్న మనిషికి ఓదార్పు ఎక్కదు. ముందు నొప్పి తగ్గాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే క్యాన్సర్ నొప్పికి మెట్ల పద్ధతి చెప్పింది: మామూలు నొప్పి బిళ్లలతో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి మార్ఫిన్ దాకా. మార్ఫిన్ అంటే చివరి రోజులనీ, మత్తుకు అలవాటు పడతారనీ భయపడతారు. డాక్టరు చెప్పిన మోతాదులో, వేళ ప్రకారం నొప్పికి వాడితే ఆ భయం అక్కర్లేదు. మలబద్ధకం మాత్రం వస్తుంది, దానికి మందు మొదటి రోజు నుంచే అడిగి తీసుకోండి. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి ఆస్పత్రులకు మార్ఫిన్ అందడాన్ని సులువు చేశారు. అయినా ప్రతి మందుల షాపులోనూ దొరకదు కాబట్టి, అయిపోవడానికి వారం ముందే తెచ్చుకోండి.

లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ స్థాపించిన సిసిలీ సాండర్స్ "సంపూర్ణ వేదన" అన్నారు. ఒంటి నొప్పి, మనసు నొప్పి, బంధాల నొప్పి, దేవుడి మీద ప్రశ్న, ఈ నాలుగూ కలిసే ఉంటాయని అర్థం. ఉపశమన చికిత్స, అంటే బాధను తగ్గించే చికిత్స, చేసే విభాగాలు ఈ నాలుగింటినీ చూస్తాయి. జబ్బు ముదిరాకే కాదు, చికిత్స నడుస్తుండగానే అక్కడికి వెళ్లవచ్చు. "ఇక చేసేదేమీ లేదు" అని ఎవరైనా అంటే, ఉపశమన చికిత్స ఎక్కడుందో అడగండి. చేసేది ఎప్పుడూ ఉంటుంది.

జబ్బు తగ్గదని తేలినప్పుడు, ఎక్కడ ఉండాలనుందో ఆమెనే అడగండి. సొంత ఇంట్లో, తను పెంచిన చెట్టు కనిపించే గదిలో అని చాలామంది అంటారు. ఎవరిని చూడాలనుందో, ఏం చెప్పాలనుందో, ఏ కాగితం మీద సంతకం మిగిలిందో, అడిగితే చెబుతారు.

తొమ్మిదో అడుగు: చికిత్స అయిపోయాక

చివరి కీమో రోజున ఇంట్లో పాయసం వండుకుంటారు. రోగికి మాత్రం ఆ మర్నాడే అసలు భయం మొదలవుతుంది. ఇంతకాలం డాక్టర్ల కళ్ల ముందు ఉంది, ఇప్పుడు ఒంటరిగా తన ఒంటికి కాపలా కాయాలి. చిన్న తలనొప్పి వచ్చినా "తిరగబెట్టిందా?" అనిపిస్తుంది. "అంతా అయిపోయింది కదా, ఇంకా ఏమిటి?" అనకండి. నీరసం, మతిమరుపు నెలల తరబడి ఉండవచ్చు. పని మెల్లగా, పూటకింత అని మొదలుపెట్టనివ్వండి. ఏ లక్షణం ఎన్ని రోజులుంటే చూపించాలో డాక్టరును అడిగి నోటు పుస్తకంలో రాయించుకోండి. రాసి ఉంటే అర్ధరాత్రి భయాలకు ఒక హద్దు ఉంటుంది.

పరీక్షకు ముందు వారం చాలా పెద్దది. ఆ వారం ఇంట్లో ఇంకే పెద్ద నిర్ణయమూ పెట్టుకోకండి. పెద్దమ్మ ఆ రోజుల్లో లేసు ముందేసుకుని కూర్చునేది, మేము పక్కన కూర్చునేవాళ్లం. రిపోర్టు కవరు వచ్చాక పెదనాన్న దాన్ని జేబులో పెట్టుకోలేదు. తీసుకెళ్లి ఆమె చేతికిచ్చారు. ఆమె సూది పక్కన పెట్టి, కళ్లద్దాలు సరిచేసుకుని, కవరు తనే చింపింది.